రాడ్డు మార్చారు, మరి రోడ్డో?



తూర్పు హైదరాబాదులో కారుకు రెండు కొలువులు. పొద్దున దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభాల పక్కన, కోచింగ్ సెంటర్ల పిల్లల మధ్య, రెండో గేరు దాటకుండా పాకాలి. సాయంత్రం ఎల్‌బీ నగర్ దాటి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కితే గంటకు 120 కిలోమీటర్ల దాకా పరుగెత్తాలి. మొదటి కొలువులో ఒక్కో చక్రం తన కిందికొచ్చిన గుంతను తానే మింగాలి, ఆ దెబ్బ పక్క చక్రానికి తెలియకూడదు. రెండో కొలువులో లేన్ మారినా, మలుపు తిరిగినా కారు ఓ పక్కకి వాలిపోకుండా ఎడమ చక్రం, కుడి చక్రం ఒకదానికొకటి సాయం పట్టాలి. ఈ రెండు కోరికలకూ పొసగదు. వాటి మధ్య పంచాయితీ తీర్చేది కారు అడుగున ఉండే ఒక ఉక్కు కడ్డీ.

పుస్తకాల్లో దాని పేరు యాంటీ రోల్ బార్. బిల్లులో స్టెబిలైజర్ బార్ అని రాస్తారు. మెకానిక్ నోట బ్యాలెన్స్ రాడ్. మనం రాడ్డు అనుకుందాం.

ఇలాంటి రాడ్డు ముందు చక్రాల మధ్యా ఉంటుంది, వెనక చక్రాల మధ్యా ఉంటుంది. మన వైపు కార్ల పిచ్చి ఉన్న కుర్రకారుకి వెనక రాడ్డు మీద మోజు. కంపెనీ ఇచ్చింది సన్నగా ఉందని పీకించి లావుపాటిది వేయించుకుంటారు. మొదటి వారం పండగే. ఆ తర్వాత ఒక్కొక్కటే మొదలవుతాయి. గుంతలో టక్‌మనే చప్పుడు, స్పీడ్ బ్రేకర్ మీద కీచుమనడం, వెనక సీట్లో కూర్చున్న అమ్మానాన్నల నడుం నొప్పి, వాన పడితే బండి తోక ఊపడం. ఇవాళ నేను మాట్లాడబోయేది ఆ తర్వాతి కథ గురించి.

ముందు రాడ్డు ఏం చేస్తుందో చూద్దాం. రెండు చివర్లూ ఒకే వైపుకి వంచిన పొడవాటి కడ్డీ అది. నడుమ భాగం బుష్‌లనే రెండు రబ్బరు తొడుగుల్లో కూర్చుని, బ్రాకెట్లతో బండి అడుగుకి బిగిసి ఉంటుంది. చివర్ల నుంచి రెండు చిన్న లింక్ రాడ్లు దిగి, ఎడమ కుడి చక్రాల సస్పెన్షన్ ఆర్మ్‌లను పట్టుకుంటాయి. తడి దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని పిండడం మీరు చూసే ఉంటారు. రెండు కొసలూ ఒకే వైపు తిరిగితే దుప్పటి ఊరికే తిరుగుతుంది, చుక్క నీరు రాలదు. ఎదురెదురుగా తిప్పితేనే మెలిపడుతుంది. రాడ్డు కూడా అంతే. రెండు చక్రాలూ కలిసి పైకి లేస్తే అది తన బుష్‌లలో హాయిగా తిరుగుతుంది, అడ్డు చెప్పదు. ఒకటి పైకి, ఒకటి కిందికి పోతేనే మెలిపడి ఎదురు తిరుగుతుంది. మలుపులో జరిగేదీ, ఒక చక్రమే గుంతలో పడ్డప్పుడు జరిగేదీ ఈ మెలికే. మలుపునీ గుంతనీ వేరుచేసి చూసే తెలివి ఇనుముకి లేదు. మన సమస్యలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

ఇలాంటి రాడ్డుకు తొలి పేటెంటు 1919 ఏప్రిల్‌లో కెనడాలోని ఫ్రెడరిక్టన్ ఊరి స్టీఫెన్ కోల్‌మన్‌కు దక్కింది. అప్పటినుంచి ఇప్పటిదాకా సూత్రం మారలేదు, కొలతలే మారాయి.

ఆ కొలతల్లో ఒక తిరకాసు ఉంది. రాడ్డు గట్టిదనం దాని వ్యాసాన్ని బట్టి నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 16 మిల్లీమీటర్ల రాడ్డు తీసి 19ది వేస్తే కంటికి కనిపించే తేడా 3 మిల్లీమీటర్లు. మెలితిప్పడానికి పట్టే బలం మాత్రం దాదాపు రెట్టింపు. 20 నుంచి 22కి పోయినా సుమారు ఒకటిన్నర రెట్లు. “ఎంత సార్, రెండు ఎంఎమ్మే కదా” అని కౌంటర్ దగ్గర అనే మాటకు అందుకే లొంగకూడదు. చివర్లలో రెండు మూడు రంధ్రాలున్న రాడ్లు కూడా దొరుకుతాయి. లింక్‌ను లోపలి రంధ్రానికి మారిస్తే రాడ్డు చేయి, అంటే వంచిన చివరి భాగం, పొడవు తగ్గి రాడ్డు ఇంకా బిగుస్తుంది. 200 మిల్లీమీటర్ల చేయి 180 అయితే గట్టిదనం నాలుగో వంతు దాకా పెరుగుతుంది. కాబట్టి ఎప్పుడైనా చిట్టచివరి రంధ్రంతో, అంటే మెత్తటి దానితోనే మొదలుపెట్టాలి.

అసలు మీ బండికి వెనక రాడ్డు ఉందా? వంగి చూడండి. స్విఫ్ట్, ఐ20, పోలో లాంటి చిన్న కార్లలో వెనక రెండు చక్రాలనూ కలిపే టోర్షన్ బీమ్ ఉంటుంది. ఆ బీమే మెలిపడుతూ రాడ్డు పనిని కూడా చేసిపెడుతుంది. అలాంటి బండికి బయటి రాడ్డు బిగించడమంటే ఉన్న బీమ్‌నే మరింత గట్టి చేయడం. మహీంద్రా ఎక్స్‌యూవీ500, 2020లో వచ్చిన థార్ లాంటి వాటిలో విడి రాడ్డు ఉంటుంది. మార్పిడి అనే మాటకు అర్థం ఉండేది ఈ రెండో రకంలోనే.

ఇప్పుడొక అపోహ సంగతి. కారు ఒరగడం తగ్గితే రోడ్డు మీద పట్టు పెరిగిందని చాలామంది నమ్మకం. మలుపులో లోపలి చక్రాల మీది నుంచి బయటి చక్రాల మీదికి ఎంత బరువు జరగాలో నిర్ణయించేవి కారు బరువు, దాని గురుత్వ కేంద్రం ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మనం మలుపు తీసుకున్న జోరు. రాడ్డు ఆ మొత్తాన్ని తగ్గించలేదు. అందులో ముందు చక్రాల వాటా ఎంత, వెనక చక్రాల వాటా ఎంత అన్నదాన్ని మాత్రం మారుస్తుంది. వెనక రాడ్డు లావైతే వెనక వాటా పెరుగుతుంది. టైరు గుణం ఏమిటంటే, దాని మీద బరువు రెట్టింపైనా పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. అందువల్ల బయటి టైరు సంపాదించిన దానికంటే లోపలి టైరు పోగొట్టుకున్నదే ఎక్కువ. లెక్క తేలేసరికి వెనక పట్టు తగ్గుతుంది, ముందు పట్టు కాస్త పెరుగుతుంది.

ముందు చక్రాలతో నడిచే మన కార్లు గట్టి మలుపులో ముక్కును బయటికి వదిలేస్తాయి. కంపెనీలు కావాలనే అలా తయారుచేస్తాయి. ఎందుకంటే బెదిరిన డ్రైవరు యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే అలాంటి బండి దారికొస్తుంది. వెనక రాడ్డు లావు చేస్తే ఆ బద్ధకం తగ్గి, ముక్కు స్టీరింగ్ చెప్పిన వైపు చురుగ్గా తిరుగుతుంది. కుర్రాళ్లకు నచ్చేది అదే. అది ఉత్త భ్రమ కాదు, నిజమైన లాభమే. కాకపోతే ఆ చురుకుదనం వెనక టైర్ల జాగ్రత్తలోంచి తీసి ఇచ్చింది.

ముందు వెనకల ఈ వాటా ఎంత ముఖ్యమో అమెరికా ఒకప్పుడు గట్టిగా నేర్చుకుంది. షెవ్రొలే కోర్వేర్ అనే కారు 1960 మోడల్‌గా వచ్చింది. ఇంజిను వెనక, బరువు వెనక. ముందు రాడ్డు ఉంటే తోక తిరిగే గుణం తగ్గేది, కానీ ఆ రాడ్డు లేకుండానే అమ్మారు. దాని బదులు ముందు టైర్లలో 15, వెనక టైర్లలో 26 పౌండ్ల గాలి ఉంచమన్నారు. పెట్రోలు బంకులో గాలి పట్టేవాడికి ఆ తేడా ఎందుకో ఏం తెలుస్తుంది? 1964 మోడల్‌కి వచ్చేసరికి ముందు రాడ్డును అన్ని బండ్లకూ వేశారు. 1965లో రాల్ఫ్ నేడర్ ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ పుస్తకంలో మొదటి అధ్యాయమే ఆ కారు మీద రాశాడు. ఒక రాడ్డు, నాలుగు టైర్ల గాలి. అంత పెద్ద కంపెనీ మెడకు చుట్టుకున్నవి అవే. మనం వెనక రాడ్డు లావు చేయడమంటే ఆ త్రాసును మన చేత్తో వెనకకు వంచడం. అందులో తప్పు లేదు, ఏ వైపు వంచుతున్నామో తెలిసి ఉండాలి, అంతే.

సరే, గ్యారేజీకి వద్దాం. కొత్తపేటలో మా ఎరుకలో ఉన్న ఒకబ్బాయి తన పాత సెడాన్‌కు లావు రాడ్డు వేయించుకున్నాడు. “ఔటర్ మీద బండి కదల్తలేదంకుల్, మస్తుగుంది. గల్లీలకు రాంగనే వెనక టక్ టక్. షాకర్లు పోయినయంటుండు మెకానిక్” అన్నాడు. షాక్ అబ్జార్బర్ల పరీక్ష తేలికే. డిక్కీ మీద బలంగా నొక్కి వదిలితే బండి ఒక్కసారి పైకొచ్చి నిలబడింది. షాకర్ ఒంటి మీద నూనె చెమ్మ లేదు. అవి బాగానే ఉన్నాయి.

ర్యాంప్ ఎక్కించి చూస్తే అసలు సంగతి బయటపడింది. కొత్త రాడ్డు లావు, బుష్‌లు మాత్రం పాతవే. పాత బుష్ లోపలి అంచును బ్లేడుతో కోసి లావు రాడ్డుకు తొడిగి, పైన బ్రాకెట్‌ను సుత్తితో సర్ది బిగించారు. కోసిన చోట రబ్బరు అరిగి, రాడ్డు అటూ ఇటూ జరుగుతోంది. ఎడమ బ్రాకెట్ పక్కన రాడ్డు మీద రంగు పోయి బొటనవేలి వెడల్పున తళతళ మెరుస్తోంది. సైలెన్సర్ గొట్టం మీద కూడా అలాంటి మెరుపే ఒకటి. లింక్ రాడ్డును చేత్తో పట్టుకుని ఊపితే పైన బాల్ జాయింట్ కటకటలాడింది. సన్న రాడ్డు కోసం చేసిన లింక్ మీద లావు రాడ్డు దాదాపు రెట్టింపు బలం వేస్తుంటే అది ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది? షాకర్లకు ఖర్చుపెట్టి ఉంటే ఆ డబ్బు వృథా అయ్యేది, చప్పుడు అలాగే ఉండేది.

ఈ చప్పుళ్లు ఒక్కొక్కటీ ఒక్కో జబ్బు చెబుతాయి, ఓపిగ్గా వినాలి. నెమ్మదిగా పోతుంటే, ఒక చక్రమే గుంతలో దిగినప్పుడు టక్‌మంటే లింక్ రాడ్డునో, వదులైన బుష్‌నో అనుమానించండి. అనుమానం తీరాలంటే రెండు వైపులా లింకులు విప్పి, రాడ్డు దేనికీ తగలకుండా పైకి కట్టేసి, కాలనీలోనే నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. చప్పుడు పోతే దోషం రాడ్డు కుటుంబంలోనే ఉంది. పోకపోతే వెతకాల్సిన చోటు వేరే. అలా విప్పిన బండిని మాత్రం హైవే ఎక్కించకండి. ఒక వైపే విప్పి చూడటం కూడా పనికిరాదు. వేలాడే చివర వెళ్లి దేనికి కొట్టుకుంటుందో చెప్పలేం.

స్పీడ్ బ్రేకర్ మీద మెల్లగా ఎక్కి దిగేటప్పుడు కీచుమని మూలిగితే అది బుష్ ఎండిపోయిన గోల. లావు రాడ్లతో వచ్చే బుష్‌లు తరచుగా పాలీయురేథేన్‌వి. రబ్బరు కంటే గట్టివి, ఎక్కువ కాలం వస్తాయి, కానీ పొడిబారితే అరుస్తాయి. విప్పి, తుడిచి, సిలికాన్ గ్రీజు పూసి బిగిస్తే నోరు మూస్తాయి. కొందరు పైనుంచి పాత ఇంజినాయిల్ పోస్తారు. మామూలు రబ్బరు బుష్‌కి ఆయిల్ తగిలితే ఉబ్బి మెత్తబడి పాడవుతుంది. ఆ వైద్యం చేయనివ్వకండి.

నలుగురు ఎక్కినప్పుడో, గట్టిగా ఎగిరి దిగినప్పుడో లోహం లోహానికి తగిలిన చప్పుడు వస్తే రాడ్డు దేనికో తగులుతోంది. సైలెన్సర్, బ్రేకు పైపు, ఆర్మ్, వీటిలో ఏదైనా కావచ్చు. అనుమానం ఉన్న చోట కాస్త బంకమన్ను ముద్ద అంటించి ఒక చుట్టు తిరిగి రండి. తగిలిన చోట ముద్ర పడి ఉంటుంది. బ్రేకు పైపు దగ్గర ముద్ర కనిపిస్తే బండిని అక్కడే ఆపేయండి. దాంతో బేరాలొద్దు. ఇక బరువుగా, మందంగా దబ్‌మంటే బ్రాకెట్ బిగించిన చోటే రేకు చిరుగుతోందేమో టార్చిలైటు వేసి చూడండి. బోల్టు రంధ్రం గుండ్రంగా కాక కోలగా మారిందంటే, రంగులో వెంట్రుకలాంటి పగులు కనబడిందంటే లావు రాడ్డు తీసేయాల్సిందే. వెల్డింగుతో అతుకు వేసి నడిపితే అది ఇంకోచోట చిరుగుతుంది.

బిగించే పద్ధతిలోనే సగం రోగాలు పుడతాయి. ఒక పక్క జాకీ ఎత్తి, ఒక చక్రం వేలాడుతుండగా లింక్ బిగిస్తే రాడ్డు పుట్టుకతోనే మెలిపడి ఉంటుంది. బండి చదునైన నేల మీద నిలిపినా ఒక పక్కకి కొంచెం వాలినట్టుంటుంది, కుడి మలుపుకీ ఎడమ మలుపుకీ వేరుగా స్పందిస్తుంది. రెండు చక్రాలూ నేల మీదో, ర్యాంప్ మీదో సమానంగా బరువు మోస్తుండగా లింక్ బోల్టులు బలవంతం లేకుండా, చేత్తో తోస్తే రంధ్రంలో దూరాలి. దూరకపోతే పొడవు సర్దుకునే లింకులు కొనాలి గానీ, గడ్డపార పెట్టి వంచకూడదు. అన్నీ చేత్తో బిగించి, బండి నిలిచే ఎత్తులో ఉండగా చివరి బిగింపు టార్క్ రెంచితో చేయాలి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి రెంచి వేయాలి. “ఇంకా టైట్ చేయి భయ్యా” అని పక్కన నిలబడి మెకానిక్‌ను ఎగదోయడం మనవాళ్లకు ఒక సరదా. దానివల్ల మరలు తెగుతాయి.

రోడ్ల సంగతికి వస్తే, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ఇచ్చిన లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తులో, 17 మీటర్ల వ్యాసార్ధంతో నున్నగా గుండ్రంగా ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాన్ని దాటిపోవచ్చు. మన గల్లీల్లో రాత్రికి రాత్రి సిమెంటుతో పోసిన గుట్టలకు ఈ లెక్క ఎవరూ చెప్పలేదు. బండి అడుగు తగులుతుందని మనం వాటిని ఐమూలగా దాటడం అలవాటు చేసుకున్నాం. లావు రాడ్డున్న బండికి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. ఐమూలగా పోతే ఒక చక్రం గుట్ట మీద, రెండోది కింద ఉంటుంది. రాడ్డు పూర్తిగా మెలిపడుతుంది, లింకుల మీదా బ్రాకెట్ల మీదా గరిష్ఠ బలం పడుతుంది. నేరుగా, బాగా నెమ్మదిగా దాటితే రెండు చక్రాలూ కలిసి లేస్తాయి, రాడ్డుకు పనే ఉండదు. అడుగు తగిలేంత కిందికి దించిన బండికి ఆ దారి కూడా మూసుకుపోతుంది. స్ప్రింగులు కోయించి, ఆపైన లావు రాడ్డు వేయించిన బండి మన వీధుల్లో బతకడం కష్టం.

నడుం నొప్పికి రాడ్డు దగ్గర పూర్తి ఉపాయం ఉండదు. ఒక పక్కే కుంగిన మ్యాన్‌హోల్ మూత మీదికి ఎక్కినప్పుడు ఆ కుదుపులో కొంత రెండో పక్కకి దాటడం లావు రాడ్డు స్వభావం. మెత్తటి రంధ్రానికి మార్చడం, టైరు గాలి కంపెనీ చెప్పిన అంకెకే ఉంచడం, అంతవరకే మన చేతిలో ఉంది.

అన్నిటికంటే జాగ్రత్తగా వినాల్సింది వాన సంగతి. జూన్‌లో మొదటి జల్లు పడ్డప్పుడు వేసవంతా రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తడిసి జారుడు పూత అవుతుంది. ఎల్‌బీ నగర్ ఫ్లైఓవర్ ర్యాంప్ మీద వంపు తిరుగుతూ దిగుతున్నారనుకోండి. వంపు దాటగానే ఎదురుగా ఎర్ర బ్రేకు లైట్ల వరస. కాలు ఠక్కున యాక్సిలరేటర్ మీది నుంచి లేచి బ్రేకు మీద పడుతుంది. ఆ క్షణంలో బరువంతా ముందుకు దూకుతుంది, వెనక టైర్లు తేలికవుతాయి. పాత రాడ్డుతో అయితే ముక్కు కొంచెం జారి సర్దుకునేది. లావు రాడ్డుతో అయితే లోపలి వెనక టైరు నేలను దాదాపు వదిలేస్తుంది, వెనక భాగం పక్కకి బయల్దేరుతుంది. బండి జారకుండా కాసే ఈఎస్‌పీ అనే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంటే అది చాలావరకు పట్టి ఆపుతుంది. లేని బండిలో అంతా మీ చేతుల మీదే. అప్పుడు బ్రేకు ఇంకా గట్టిగా తొక్కడం కాదు, చూపు వెళ్లాల్సిన వైపు ఉంచి స్టీరింగ్‌ను నెమ్మదిగా అటు సర్దాలి. అంతకంటే మేలు, వంపులోకి దిగకముందే వేగం తగ్గించుకోవడం. వెనక టైర్ల ట్రెడ్ అరిగి ఉంటే వానాకాలంలో లావు రాడ్డు పెట్టుకుని తిరగడం తెగువ కాదు, తెలివితక్కువతనం. కొత్త టైర్లు రెండే కొనగలిగితే వాటిని వెనక వేయించండి.

చట్టం గురించి రెండు మాటలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి విరుద్ధంగా ఉండేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్‌లో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. రాడ్డు మార్చే ముందు ఆర్టీఏలో అడగండి, బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. క్లెయిము నాడు సర్వేయరు బండి కిందికి వంగి చూస్తాడు.

నా తీర్పు అడిగితే ఇది. “బండి ఒరుగుతోంది, వెనక రాడ్డు వేయించాలి” అంటూ వచ్చేవాళ్లలో ఎక్కువమందికి రాడ్డు అవసరమే లేదు. ఏళ్లు నడిచిన బండిలో బుష్‌లు గట్టిపడి పగిలి ఉంటాయి, షాకర్లు నీరసించి ఉంటాయి, లింక్ రాడ్లు వదులై ఉంటాయి. అవి కంపెనీ కొలతలోనే కొత్తవి వేసి, మంచి టైర్లు తొడిగి, వీల్ అలైన్‌మెంట్ చేయించి ఔటర్ ఎక్కి చూడండి. చాలామంది అక్కడే ఆగిపోతారు. వారంలో ఆరు రోజులు చైతన్యపురి, సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్ గల్లీల్లో తిరిగే కుటుంబం కారుకైతే లావు రాడ్డు నేను వేయను. ఊరి బయట హైవే మీద ఎక్కువ తిరిగేవారు, బండి మనసెరిగి నడిపేవారు వేయించుకోవచ్చు. అప్పుడు కూడా ఒకే ఒక్క మెట్టు లావుది, దాని కొలతకు చేసిన బుష్‌లు, గట్టి లింకులు, అన్నీ కలిపి ఒకేసారి కొనాలి. రాడ్డు ఒక చోట, బుష్‌లు ఒక చోట, లింకులు పాత సామాను కొట్టులో ఏరి తెస్తే కొత్తపేట అబ్బాయి కథే మళ్లీ.

ఆ అబ్బాయి చివరికి కంపెనీ రాడ్డే తిరిగి వేయించుకుందామనుకున్నాడు. కానీ తీసిన రాడ్డును గ్యారేజీలోనే వదిలేసి వచ్చాడు, అది అప్పటికే తూకానికి వెళ్లిపోయింది. కొత్తది ఆర్డరు పెట్టి తెప్పించుకోవాల్సి వచ్చింది. కాబట్టి రాడ్డు మార్పించే శ్రోతలకు నా మనవి ఒక్కటే. పాత రాడ్డునూ, దాని బ్రాకెట్లనూ, బోల్టులతో సహా మూటగట్టి ఇంటికి తెచ్చి అటక మీద పెట్టుకోండి.